వయసు మీదికి తోసేసిన జబ్బు

నలభై ఎనిమిదో ఏట నాకు ముట్లు గతి తప్పాయి. విజయనగరంలో మాది నూనెల కొట్టు, ఇల్లు దాని వెనకే. ఉన్నట్టుండి ఒళ్ళంతా సెగలు పుట్టేవి. రవికె తడిసి, ఆ చెమటకు నూనె వాసన తోడై, నా ఒళ్ళంటే నాకే ఏవగింపు కలిగేది. నాలుగేసి రోజులు తల కూడా దువ్వుకునేదాన్ని కాదు.

ఆ వేసవి ఆవకాయకు బూజు పట్టింది. తప్పు నాదే. మూడో రోజు తిరగ కలపలేదు, జాడీకి గుడ్డ కట్టలేదు. తెల్లటి బూజు కళ్ళారా చూసి కూడా ఏమీ అనిపించక, మూత పెట్టేసి వెళ్ళి పడుకున్నాను.

నెల్లిమర్ల నుంచి వచ్చిన మావారి అక్క ఆ జాడీ తీసి చూసింది.

"ముట్లు ఆగిపోతున్న ఆడదాని సెయ్యి పడితే పచ్చడి నిలవదే," అంది.

ముట్టయితే జాడీ తాకకూడదని ఇన్నేళ్ళూ వచ్చినప్పుడల్లా నన్ను దూరంగా కూర్చోబెట్టింది ఆవిడే. ఇప్పుడు ఆగుతున్నందుకూ తాకకూడదట. ఆవిడ ముందు నిలబడలేక పెరట్లోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

మావారు నన్ను తెలిసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నన్ను అడిగిన ప్రతిదానికీ ఈయనే జవాబు చెప్పారు. ఇంట్లో చిరాకు పడుతోందనీ, వంట సరిగా చేయడం లేదనీ. డాక్టరు నా ముఖమైనా చూడకుండా, ఆ వయసు అలాంటిదని కాల్షియం బిళ్ళలు రాశారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు రోతే.

బిళ్ళలు మింగుతూనే ఉన్నాను. ఈ రోజు మెలకువ రాకుండా ఉంటే బాగుండేదని రోజూ పొద్దున్నే అనుకునేదాన్ని. ఒకనాడు ఆ ఆలోచనకు నాకే భయమేసి, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి ఒక లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ మా వైపు మనిషే. "సెగ తగ్గాక మనసు తేలికవుతాదా?" అని అడిగారు.

లేదన్నాను.

"ఏ పనైనా ఇష్టంగా సేసి ఎన్నాళ్ళయింది?"

లెక్క చూసుకుంటే అమ్మ పోయినప్పటి నుంచి. అంటే ముట్లు తప్పడానికి ఏడాది ముందు నుంచి. బతకాలని ఉందా అని కూడా అడిగారు. లేదని మొదటిసారి నోరు తెరిచి చెప్పి ఏడ్చాను.

"ఇవి రెండూ ఒకటి కాదమ్మా. ముట్లాగడం జబ్బు కాదు, సెగలు వస్తాయి, పోతాయి. రెండోది డిప్రెషన్. దాన్ని వయసు మీదికి తోసేస్తే పోదు. దానికి మందు ఉన్నాది," అన్నారు. మానసిక వైద్యుడి పేరు రాసిచ్చారు.

నలుగురూ ఏమనుకుంటారని మావారు వద్దన్నారు. నేను వెళ్ళాను. మందులు పనిచేయడానికి నెలలు పట్టింది. సెగలు అలాగే వచ్చేవి, కానీ తగ్గగానే లేచి పని చేసుకోగలిగాను. అన్నం రుచి తెలిసింది. అమ్మ కోసం మనసారా ఏడవగలిగాను.

ఆ వయసు దాటింది, దానంతటదే తగ్గిపోయిందని మావారు ఇప్పటికీ అందరికీ చెబుతారు. విన్నప్పుడల్లా అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను.