నెత్తురు తాగే రాజు కోసం వెదికిన పంతుళ్లు

"గా ముసల్ది మళ్ల మా గడప తొక్కితే కాళ్లిరగ్గొడుత. నా కోడలి మెడ మీద రెండు మచ్చలు లేసినయ్. పిల్ల సున్నం లెక్క తెల్లగైంది."

"దోమ కుట్టినా మచ్చ లేస్తది. కడుపుతోనున్న పిల్లకు రక్తం తక్కువైతే దవాఖానకు తోల్కపో. మనిషిని పట్టుకొని దయ్యమంటవా?" అన్నాను.

"గంత పెద్ద సదువులోళ్లు దేశాలు పట్టుకొని దేవులాడుతున్నరంటే, ఉత్తగనే దేవులాడుతరా అక్కా?"

పక్కింటామె అన్నది మా వాకిట్లో చదువుతున్న నవలలోని పంతుళ్ల గురించి.

కోరుట్లలో మా వాకిట్లో నలుగురం ఆడవాళ్లం బీడీలు చేస్తాం. జగిత్యాలలో డిగ్రీ చదివే నా మనవరాలు సెలవులకు వస్తూ ఒక లావుపాటి నవల తెచ్చి మాకు చదివి వినిపిస్తోంది. ఫోన్ చూసి కళ్లు పాడుచేసుకునే కంటే నయమని, ఖర్చు లేని పనని ఒప్పుకున్నాను. ఎప్పుడో చచ్చిన ఒక రాజు ఇంకా మనుషుల నెత్తురు తాగుతున్నాడని చరిత్ర చెప్పే కాలేజీ పంతుళ్లు పాత గ్రంథాల్లో, సమాధుల్లో వెదుకుతారు. అతను కొరికినవాళ్లు కూడా అలాంటివాళ్లే అయి ఊళ్లలో కలిసిపోయి తిరుగుతారట. ఉత్త దయ్యం కథ అయితే మావాళ్లు నవ్వి ఊరుకునేవారు. ఇందులో ప్రతి మాటకూ ఒక పంతులు, ఒక పాత కాగితం సాక్ష్యం. రెండో తరగతితో బడి మానినదాన్ని, నేను కూడా ఒళ్లో చాట పెట్టుకుని ఆకు చుట్టడం మరిచిపోయేదాన్ని.

పక్కింటామె దయ్యమంటున్న ముసలామె మా గల్లీ చివర ఒంటరిగా ఉంటుంది. పక్కింటామె కోడలితో సహా కడుపుతో ఉన్నవాళ్లకు కాళ్లు పిసుకుతుంది, పసిపిల్లలకు నీళ్లు పోస్తుంది. మా ఇంట్లో పిల్లలందరికీ ఆమే పోసింది. ఆమె తిండి ఆ చేతుల మీదే. పక్కింటామె మాట విని అప్పటికే కొందరు ఆమెను రావద్దన్నారు.

మనవరాలిని లోపలికి పిలిచాను.

"గా రాజు లేనే లేడు, అంత ఉత్తిదే అని సదువు."

"ఉన్నడవ్వా. ఆఖరికి దొరుకుతడు. రాసింది మార్చి ఎట్ల సదువాలె?"

"రాసినాయన మన గల్లీల ఉంటలేడు. ఆమె ఉంటది. సదువు."

మధ్యాహ్నం చదివింది. పంతుళ్లు సమాధి తెరిచారట, లోపల ఎవరూ లేరట, అంతా అబద్ధమని ఇళ్లకు పోయారట. అబద్ధం అలవాటు లేని పిల్ల, పేజీ తిప్పడం మరిచిపోయింది.

"ఖాళీగున్నదంటే, లేసి బయట తిరుగుతున్నట్టే గదనే!" అన్నది పక్కింటామె.

బిందెతో అటు పోతున్న ముసలామె ఆగింది.

"నా పండ్లే ఊడిపోయినయ్, ఏం పెట్టి కొరుకుతనే?"

పక్కింటామె లేచిపోయి కోడలిని లోపల పెట్టి తలుపేసుకుంది.

మర్నాడు పొద్దున ముసలామె ఇంటికి తాళం ఉంది. తొలి బస్సుకు సిరిసిల్లలో చెల్లెలింటికి పోయిందని పాలాయన చెప్పాడు. పక్కింటామె కోడలిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది. మనవరాలు పుస్తకం సంచిలో పెట్టుకొని జగిత్యాల బస్సెక్కింది. నేను ఆకు కత్తిరించుకుంటూ కూర్చున్నాను.