ఇశ్రాయేలు చెప్పిన సాక్ష్యం

అబద్ధమాడమంటే ప్రాణం పోయినట్టుండేది ఇశ్రాయేలన్నకు. చివరికి ఆ గుణమే అతని కొంప ముంచింది.

గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో బత్తాయి బస్తాలు మోసిన మనిషి. మార్కెట్ తరలిపోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరాడు. కాపురం మాత్రం ఎల్బీనగర్‌లో, మా సందులోనే. ఆ సందు మొదట్లో ఇడ్లీ బండి నాది. పొద్దున్నే వాళ్ళ మొగుడూ పెళ్ళాల జగడం నా చెవిన పడాల్సిందే.

ఒకనాడు అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుంటే అతనికి గుండెలో పట్టేసింది. భార్య కాంతమ్మ బస్తీ దవాఖానకు లాక్కుపోయింది. డాక్టరమ్మ పెద్ద దవాఖానలో పరీక్షలు చేయించి, గుండె జబ్బని తేల్చి గోళీలు రాసింది. అవి బస్తీ దవాఖానలోనే నెలనెలా ఊరికే ఇస్తారు. ఊరికే వచ్చేదానికి విలువేముంటుంది చెప్పండి!

కొన్నాళ్ళకు నొప్పి పోయింది, బీపీ దిగింది. "మందులు మంచిగ పనిచేస్తున్నయ్. ఒక్కరోజు గూడ ఆపొద్దు" అంది డాక్టరమ్మ. ఇతగాడు ఆ ఆదివారమే చర్చిలో లేచి నిలబడి, "దేవుడు నన్ను స్వస్థపరిచిండు" అని సాక్ష్యం చెప్పాడు. గోళీల ఊసే ఎత్తలేదు. అందరూ చప్పట్లు కొట్టారు, ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. బతుకంతా బరువులు మోసినవాడికి మొదటిసారి ముందు వరసలో కుర్చీ వేశారు.

మర్నాటి నుంచి గోళీ ముట్టలేదు.

"ఏందయ్యా, గోళీ ఏసుకోవా?" అని కాంతమ్మ నిలదీసింది.

"స్వస్థమైందని అందరి ముందట చెప్పినంక ఎట్ల మింగుతనే?"

"ఇంట్లనే మింగు. ఎవరు చూస్తరు?"

"దేవుడు చూడడా? నా సాక్ష్యం అబద్ధమైతది."

నాకు ఒళ్ళు మండింది. "డాక్టరమ్మను గూడ దేవుడే పంపిండనుకోరాదన్నా!" అని బండి దగ్గర నుంచే అరిచాను.

"నీకు తెల్వది సైదమ్మా. నీ ఇడ్లీలు మాడుతున్నయేమో చూసుకో" అన్నాడు. ఇడ్లీలు మాడతాయటండీ!

చర్చి అయ్యగారితో చెప్పిద్దామని కాంతమ్మ అంటే, "నా పరువు తీస్తవా" అని మీదికి లేచాడట.

దవాఖాన నర్సు భావన ఫోన్లు చేసి చేసి, చివరికి గోళీల పొట్లం పట్టుకుని ఇంటికే వచ్చింది. ఆ పిల్లకు దండం పెట్టాలి. ఈ మహానుభావుడు గుమ్మంలో నిలబడి, "నాకేం నొప్పి లేదు బిడ్డా, పో" అన్నాడు, సందంతా వినేలా. నొప్పి మళ్ళీ మొదలైందని అంతకు ముందే కాంతమ్మ నా దగ్గర ఏడ్చి పోయింది. నాకు తెలిసి అతనాడిన అబద్ధం అదొక్కటే. భావన పొట్లం కాంతమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం చర్చిలో పాట నడుస్తుండగా ఇశ్రాయేలన్న ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తల వంచుకున్నాడు. ఎంత భక్తి అనుకున్నారు జనం. ప్రార్థనకు అడ్డం రాకూడదని పక్కవాళ్ళు కుర్చీలు కాస్త దూరం కూడా జరుపుకున్నారు. పాటలైపోయి, వాక్యం అయిపోయి, అందరూ లేచాక గానీ మనిషి చల్లబడిపోయాడని ఎవరికీ తెలియలేదు.

మట్టి చేశాక ఇంటి దగ్గర ఆదరణ కూడిక పెట్టారు. అయ్యగారు కళ్ళనీళ్ళతో ప్రార్థన చేశారు. మంచి మనిషే, కోస్తా నుంచి వచ్చినాయన. భోజనాలు కాగానే నన్ను మంచినీళ్ళడిగి, జేబులోంచి గోళీల పట్టీ తీసి ఒకటి నోట్లో వేసుకున్నారు.

కాంతమ్మ ఆ పట్టీ వంకే చూసింది. "అదేంది అయ్యగారూ?"

"బీపీ మాత్రమ్మా. గుండెక్కూడా మంచిదన్నారు. ఎన్నో ఏళ్ళ నుంచి వేసుకుంటున్నాను."

"మరి చర్చిల ఎన్నడు చెప్పకపోతిరి?"

"ఎవరూ అడగలేదమ్మా."

కాంతమ్మ ఏడవలేదు. లోపలికి పోయి, భావన ఇచ్చిన పొట్లం విప్పకుండా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మీయి అయిపోతే గివి ఏసుకోండి. మా ఆయన ఒక్కటి గూడ ముట్టలే."