అత్తమ్మ కంటి చుక్కలు

పోయిన నెల మా కర్మాగారం యూనియన్ మీటింగులో ఒక చర్చ జరిగింది. ఉద్యోగి తల్లిదండ్రులకు ఉన్న ఉచిత వైద్యం అత్తమామలకూ ఇవ్వాలని కొందరం అడుగుతున్నాం. వద్దన్న పెద్దమనిషి ఒకాయన నా వైపు చెయ్యి చూపించాడు.

"ఇస్తె మాత్రం వస్తరా? గీయన అత్తను సూడుండ్రి. చుక్కల మందు వద్దని మొండికేసి కండ్లు పోగొట్టుకున్నది."

నేను తల దించుకుని కూర్చున్నాను. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే.

పందొమ్మిది వందల అరవైల చివర చందానగర్ దగ్గర నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. మా అత్తమ్మది మణికొండ. మామ పోయాక, నా భార్య ఒక్కతే కూతురు కావడంతో, మా దగ్గరే ఉండేది. ఒకరోజు దీపం ముట్టించి, "దీపం సుట్టు సింగిడి కనపడ్తుందే" అంది కూతురితో. ఇంట్లోకి ఇంద్రధనుస్సు వచ్చిందని మేం నవ్వుకున్నాం. కొద్దిరోజులకే గడప తట్టుకుని పడింది.

నిబంధన ప్రకారం ఆమెకు కర్మాగారం దవాఖానలో చోటు లేదు. మా అమ్మ ఊళ్ళో ఉండేది, దవాఖానలో ఎవరూ ఆమెను చూడలేదు. అత్తమ్మనే మా అమ్మని చెప్పి తీసుకుపోయాను.

డాక్టరు కోస్తావైపు ఆయన. "అమ్మగారికి కంట్లో ఒత్తిడి పెరిగిందండి. నీటికాసులంటారు. నొప్పి ఉండదు కాబట్టి తగ్గిపోయిందనుకుంటారు. చుక్కలు మాత్రం ఆపకండి, పోయిన చూపు మళ్ళీ రాదు" అన్నాడు.

మా వైపు అత్త అల్లుడి ముందు సమానంగా కూర్చోదు. మందు అయిపోయి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ సంగతి మరిచి బల్ల మీద ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె దిగ్గున లేచి, కొంగు తల మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి నిలబడింది.

కాంపౌండరు చూశాడు. "ఏందమ్మా, కొడుకును జూసి కొంగు కప్పుకుంటున్నవ్? గిసోంటి తల్లిని నేనేడ సూడలె!"

అందరూ నవ్వారు. అతను నవ్వుతూనే మందిచ్చాడు. అబద్ధం బయటపడితే పని పోతుందని సీసా తీసుకుని గబగబా బయటికి నడిచాను. అప్పటికి నా ఉద్యోగం ఖాయం కాలేదు.

ఆ సీసా అయిపోయాక మళ్ళీ వెళ్ళలేదు. పట్నంలో సర్కారు దవాఖాన ఉంది. ఒక పూట సెలవు పెట్టి బస్సెక్కితే సరిపోయేది. అదీ చెయ్యలేదు. భార్య అడిగితే, "మీ అమ్మ రానంటున్నది" అన్నాను. అత్తమ్మ తలుపు అవతలే ఉంది. విన్నది.

"నీకేం పుట్టిందే అమ్మా? కండ్లు పోతె నిన్నెవరు సూస్తరే?" అని నా భార్య ఆమె మీద అరిచింది.

"గంత దూరం నాతోని కాదు బిడ్డా. ఇగ ఇడిశిపెట్టు" అంది అత్తమ్మ.

అల్లుడి మాట కాదనలేక అలా అన్నదో, నా ఉద్యోగం గురించి ఆలోచించిందో తెలియదు. నేను అడగలేదు. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వచ్చింది. చివరికి అన్నం పళ్ళెం చేతికి అందించాల్సి వచ్చేది. అందించిన ప్రతిసారీ నా భార్య "మొండిదానివి" అని విసుక్కునేది. అత్తమ్మ మాట్లాడకుండా తినేది. ఆమె పోయి రెండేళ్ళయింది.

ఆ నిబంధన మంచిది కాదని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కళ్ళు పోవడానికి దాన్ని అడ్డం పెట్టుకోలేను.

మీటింగు నుంచి ఇంటికి వచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అమ్మ తలుపెనక ఉండి ఇన్నదా?"

"ఇన్నది."

"నేను గన్ని మాటలంటుంటె నువ్వు గూడ ఆడ్నే ఉంటివి గద."

"ఉన్న."

 వచ్చే మీటింగులో లేచి నిజం చెప్తానన్నాను.

"గాళ్ళ సంగతి తర్వాత. ముందుగాల పిల్లలకు జెప్పు. అమ్మమ్మ మొండిదనే అనుకుంటున్నరు గాళ్ళు గూడ" అంది.

పిల్లలను పిలిచాను.