నాకు హారతి, మేనకోడలికి తిట్లు

ఆడి నెలలో, అమ్మవారి జాతరల కాలంలో, ఒక ఉదయం మగ్గం ముందు కూర్చున్నాను. పడుగులోని ఆకుపచ్చ నిలువు దారాలు మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు కనిపించాయి. భయం వేయలేదు. ఎంత బాగున్నాయో అనుకుంటూ చూస్తూ ఉండిపోయాను. అప్పటికి నాకు ముప్పై దాటి కొన్నేళ్లయింది. కొద్ది రోజులుగా నిద్ర అవసరమే లేదనిపించేది. మాట ఆగేది కాదు. నా నోరు మామూలుగానే ఆగదని మా తిరుత్తణి వీధికి తెలుసు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ వారమే పెరియపాళయం అమ్మవారికి మొక్కు తీర్చడానికి వెళ్లాం. ఆ జనంలో, ఆ వేపాకు వాసనలో, నేనే ఆ తల్లిని అనిపించింది. అదే పైకి అన్నాను. ఆడి నెలలో ఒక ఆడమనిషి అలా అంటే మా నేత ఇళ్లలో ఎవరికీ ఆసుపత్రి గుర్తుకు రాదు. సామి పూనిందని ఇంటికి తెచ్చి పీట మీద కూర్చోబెట్టారు. మా అన్నే కర్పూరం వెలిగించాడు.

"మా పిలగాడికి ఆవడి ఫ్యాక్టరీలో పని దొరుకుతాదా తల్లీ?" అని పక్కింటామె అడిగింది.

దొరుకుతుందన్నాను. ఎవరేమడిగినా దొరుకుతుందనే చెప్పాను. ఆ రోజులు ఇప్పటికీ నీళ్లలోంచి చూసిన దీపాల్లా ఉంటాయి నా జ్ఞాపకంలో. అబద్ధమెందుకు, హాయిగానే ఉండేది.

తర్వాత దీపాలన్నీ ఆరిపోయాయి. నెలల తరబడి మంచం దిగలేదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనే. సామి దిగిపోయిందని ఇంట్లోవాళ్లు అనుకున్నారు. చివరికి తిరువళ్లూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ కథంతా విని, "ఇది బైపోలార్ డిజార్డర్. అప్పుడు పైకి పోయింది మానియా, ఇప్పుడున్నది డిప్రెషన్. రెండూ ఒకే జబ్బు," అంది. లిథియం మొదలుపెట్టింది. చేతులు వణికేవి, దాహం తీరేది కాదు. బ్లడ్ టెస్ట్ చూసి డోసు తగ్గించింది. బి.కాం. చదివినదాన్ని, ప్రతి మాత్రకూ ఆమెతో వాదించాను. ఆమే గెలిచింది. నేను లేచి తిరిగాను.

ఏళ్లు గడిచాక, మా అన్న కూతురు హేమ ప్లస్ వన్‌లో, అంటే పదకొండో తరగతిలో, ఉండగా ఏదో మొదలైంది. నాకు వచ్చినట్టు మాత్రం లేదు. పొద్దున పాడుకుంటూ స్కూలుకు పోయేది, ఏడుస్తూ ఇంటికి వచ్చేది, చీకటి పడేలోగా గిన్నెలు విసిరేది. నాకు పైకి పోవడం ఒక ఋతువు, కిందికి జారడం ఒక ఋతువు. దానికి ఒక్కరోజులోనే ఎండా వానా. ఆ ఎండలో కూడా సంతోషం కంటే చిరాకే ఎక్కువ.

"వయసు పొగరు. దానికి తోడు మేనత్త నోరొచ్చింది," అనేది వదిన.

"నా నోరు నాకే చాల్లేదు వదినా. దానికి యాడినుంచి తెచ్చిచ్చేది?" అన్నాను.

ఏడుపు ఎక్కువైతే అన్న దాన్ని వేరే డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటిది ఉందా అని ఆయన అడిగితే లేదన్నాడట. రేపు పిల్లకు సంబంధాలు రావని భయం. పైగా మా అన్న లెక్కలో నాకు వచ్చింది సామి, జబ్బు కాదు. ఆ డాక్టర్ తనకు తెలిసినంతలో డిప్రెషన్ మాత్రలు రాశాడు. కొద్ది వారాలకే హేమ నిద్ర మానేసింది. ఒక మధ్యాహ్నం కత్తెర తీసుకుని, మగ్గం మీద సగం నేసిన పెళ్లిచీర పడుగును అడ్డంగా కోసేసింది.

"దారాలు అరుస్తాండాయత్తా. అందుకే విడిపించినా," అంది.

నా ముందు ఊపిరి పీల్చిన దారాలు దాని మీద అరిచాయి. కళ్లలో వెలుగు మాత్రం నేనెరిగినదే. నడుమ పడుగు కోయడం మా ఇళ్లలో అశుభం. అన్న చెయ్యెత్తాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"నాకొచ్చినప్పుడు కర్పూరం వెలిగించినావు. బిడ్డకొస్తే కొడతావా?"

"నీది సామి, చెల్లీ. ఇది పొగరు."

"రెండూ ఒకటేన్నా. నేను పెద్దదాన్నని కాళ్లకు మొక్కినారు. ఇది చిన్నది, చెంప దొరికింది నీకు."

వదిన మెల్లగా హేమ చేతిలోని కత్తెర తీసుకుంది. "సుమ్మా, ఊరికే అట్లా నిలబడి చూస్తారేమి? కారు పిలవండి," అంది మా అన్నతో.

తిరువళ్లూరు దాకా హేమ నా ఒళ్లో తల పెట్టుకుని కిటికీలో కదిలే ప్రతి మబ్బుకూ ఒక పేరు పెట్టింది. కొన్ని పేర్లు నిజంగానే బాగున్నాయి. నా డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పాను.

"చిన్నవయసులో ఇది చాలాసార్లు ఇలాగే వస్తుందమ్మా," అంది. "ఇరిటబిలిటీ ఎక్కువ. మూడ్ త్వరగా మారుతుంది. పైదీ కిందిదీ కలిసి మిక్స్‌డ్‌గా ఉంటుంది. వయసు అనుకుని వదిలేస్తారు. మీలాంటి పెద్దవాళ్లలో ఎపిసోడ్లు విడివిడిగా తెలుస్తాయి. అందరికీ ఒకేలా ఉండదనుకోండి. ఒట్టి డిప్రెషన్ మాత్రలు ఈ జబ్బున్న కొందరిని ఇలా పైకి తోసేస్తాయి. మేనత్తకు ఉందని తెలిసుంటే, ఆ మాత్రలు మాత్రమే ఇచ్చేవాళ్లు కాదేమో."

అన్న తల వంచుకున్నాడు.

హేమను అడ్మిట్ చేశారు. మందులు మార్చారు. ఒళ్లు చేసింది, ఒక చదువు సంవత్సరం పోయింది, మధ్యలో మళ్లీ ఒకసారి కుంగింది. ఇప్పుడు తిరువళ్లూరులో కాలేజీకి పోతోంది. మా ఇద్దరికీ ఆసుపత్రిలో రివ్యూ ఒకే రోజు. రైల్లో కిటికీ సీటు కోసం పోట్లాడుకుంటాం.

"నీకేమత్తా, దేవతవైనావు. నాకు తన్నులు తప్పినాయి, అదే చాలు," అని దెప్పుతుంది.

మొన్న హేమ రివ్యూలో కొత్త డాక్టర్ ఒకరు ఫైలు తెరిచేలోపే మా అన్న, "మా చెల్లికి కూడా ఉంది సార్, రాసుకోండి," అన్నాడు. బయట వరండాలో ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

సామి వచ్చేవాళ్లతో నాకు తగాదా లేదు. ఒక్క మాట చెబుతాను. బిడ్డను ఏడుపుకో కోపానికో డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే, మీ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా సామి వచ్చి, అది దిగాక నెలల తరబడి మంచం పట్టి ఉంటే, అడగకముందే ఆ సంగతి చెప్పండి. సంబంధాలు తర్వాత చూసుకోవచ్చు. ముందు బిడ్డ ఉండాలి.