తడిపి కత్తిరించిన జాకెట్ గుడ్డ

ఆర్మూరులో మా వాడను ఆనుకొని ఒక సర్కారు బడి ఉండేది. అందులో పాఠాలతో పాటు చేతిపని కూడా నేర్పేవారు. దాని అసలు పేరు బోర్డు మీద పొడుగ్గా రాసి ఉండేదట. నాకు అప్పటికి ఒక్క అక్షరం కూడా రాదు. వాడలో అందరం దాన్ని పనిబడి అనేవాళ్ళం. ఎనభైల చివర్లో నేను ఆ బడిలో ఆయాను. ఊడ్చడం, నీళ్ళు పట్టడం, గంట కొట్టడం నా పనులు. వాచ్‌మన్ ఉద్యోగం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండడంతో గేటు తాళంచెవి కూడా నా కొంగునే ఉండేది.

బడిలో మగపిల్లలే ఎక్కువ. వాళ్ళకు కరెంటు పని, ఫిట్టర్ పని నేర్పేవారు. నందిపేట దిక్కు నుంచి రైతుల పిల్లలు, పోచంపాడ్ నుంచి డ్యాము ఉద్యోగుల పిల్లలు వచ్చేవాళ్ళు. డ్యాము పిల్లల చొక్కాలకు ఇస్త్రీ ఉండేది, రైతుల పిల్లల కాలర్లకు పసుపు ఉండేది. ఇస్త్రీ అయినా పసుపైనా, చదువయ్యాక ఏం చేస్తావని అడిగితే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: దుబాయి. మస్కట్ కూడా దుబాయిలోనే ఒక వాడ అనుకునేవాడు ఒకడుండేవాడు. వాడే అందరికంటే ముందు పోయాడు.

సార్లు మాత్రం తక్కువ. ఫిట్టర్ సారు బదిలీ మీద పోయాక ఆ పాఠం కరెంటు సారే చెప్పేవాడు. లెక్కల సారు సెలవు పెడితే లెక్కలూ ఆయనే. ఆయన చెప్పని పాఠం కుట్టుపని ఒక్కటే. దానికి డిచ్‌పల్లి నుంచి బస్సులో వచ్చే టీచరమ్మ ఉండేది. ఆమె ఉద్యోగం కూడా ఏ ఏటికా ఏడు పొడిగించేదే.

కరెంటు గదిలో వైర్లు దండెం మీద బట్టల్లా వేలాడేవి. ఎవరికైనా చెయ్యి కోసుకుంటే వైద్యం నాదే. మందులపెట్టె తాళంచెవి ఎప్పుడో పోయింది. పసుపుకు మా ఊళ్ళో ఏం కరువు? దెబ్బ మీద ఇంత అద్ది పంపేదాన్ని. నిప్పంటుకుంటే చల్లడానికని వరండాలో రెండు ఎర్ర బకెట్లు వేలాడదీశారు. ఒకదాంట్లో నీళ్ళు, ఇంకోదాంట్లో ఇసుక. ఆ ఇసుకను వాడుకున్నది వాడలోని పిల్లులే.

ఆడపిల్లలకు వెనక గదిలో కుట్టుపని నేర్పేవారు. నా బిడ్డ అందులోనే చదువుతుండేది. ఆయా పని దొరకక ముందు నేనూ బీడీలు చేసినదాన్నే. మా అమ్మ, మా అత్త, వాడలో ప్రతి ఇంటి ఆడది ఒళ్ళో చేట పెట్టుకొని తునికాకు చుట్టినవాళ్ళే. నా బిడ్డ ఒళ్ళోకి ఆ చేట రాకూడదని నా పట్టుదల. మా ఆయనకు అంత పట్టుదల లేదు.

ఒక ఏడు పసుపు తవ్వకాల రోజుల్లో పెద్దసారు నన్ను పిలిచాడు.

“ఏందమ్మా, కుట్టు క్లాసుల ఆడపిల్లలేరి?”

“చేన్ల మీదున్నరు సార్. కొందరు తవ్వుతున్నరు, కొందరు ఉడకేస్తున్నరు. పసుపు మార్కెట్‌కు పోయేదాంక రారు.”

“ఎల్లుండి హైద్రాబాద్‌కెల్లి మేడం తనిఖీకి వస్తున్నది. గది ఖాళీగ కనబడితే మిషన్లు మూట గట్టి నిజామాబాద్ బడికి పంపిస్తరట. నీ బిడ్డ గూడ గాడికే పోవాలె.”

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన చుట్ట ఆర్పకుండానే తేల్చేశాడు. “నిజామాబాద్‌కు దినాం బస్సెక్కిచ్చి పంపుడు నాతోని గాదు. మిషన్లు పోతే పోరిని చేట ముందట కూసోబెట్టు.”

నా బిడ్డ ఆ మాట విని అన్నం పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. నేను నేరుగా పక్కింటి వదిన దగ్గరికి వెళ్ళాను. బీడీలు చేసే ఆడవాళ్ళందరూ ఆమె అరుగు మీదే కూర్చునేవాళ్ళు. ఆమె లేవమంటే లేచేవాళ్ళు, నవ్వమంటే నవ్వేవాళ్ళు.

“వదినా, ఎల్లుండి ఒక్క పొద్దు మీరంత బడికి రావాలె.”

“బడికా? నా మన్మణ్ణి తీస్కపోరాదు?”

“ఆడోళ్ళే గావాలె. ఊకె మిషన్ ముందట కూసుంటే చాలు. జడలు రెండేస్కోని, రిబ్బన్లు కట్టుకోని రాండ్రి.”

“ఓ పిల్లా, నాకు ముందట పండ్లే లేవు, రిబ్బన్లు గడతవా?”

“నోరు తెరవకు. నవ్వకు. ఎవ్వలకు ఎరుకైతది?”

“మాట్లాడొద్దు, నవ్వొద్దు. గట్లైతే నేనెందుకే, గోడకు నా బొమ్మ గియ్యి.” అరుగంతా ఘొల్లుమంది. తర్వాత ఆమె అసలు మాట అడిగింది. “మరి బీడీ కట్టలెవరు చేస్తరు? పొద్దుమూకి కార్ఖానకు అప్పజెప్పకపోతే సేటు ఊకుంటడా?”

“చేటలు తెచ్చుకోండ్రి. బల్ల కింద పెట్టుకోని చేస్కోండ్రి. మేడం వచ్చినప్పుడు చేతులు పైకి పెట్టుండ్రి.”

తనిఖీ నాడు పొద్దున్నే వాళ్ళంతా వరసగా గేటు దాటి వచ్చారు. నెరిసిన జుట్టుకు ఎర్ర రిబ్బన్లు, ఒక్కొక్కరి కొంగు కింద ఒక్కొక్క చేట. నా బిడ్డ వాళ్ళను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమోనని దగ్గరికి పోతే నవ్వు ఆపుకోలేక చస్తోంది. టీచరమ్మ మాత్రం కుర్చీలో కూర్చొని మంచినీళ్ళు అడిగింది.

మేడం లావుపాటి మనిషి, కళ్ళద్దాలు. కరెంటు గది గుమ్మంలో నిలబడి ఆ వైర్లను చూసి లోపలికి అడుగు పెట్టలేదు. వరండాలో ఎర్ర బకెట్ దగ్గర ఆగింది. వంగి చూసింది. మా వదిన ఊరికే కూర్చునే మనిషి కాదు. నీళ్ళు కనబడ్డాయని, మధ్యాహ్నానికి మెత్తబడి కత్తిరించడానికి వస్తుందని అందులో తునికాకు నానబెట్టింది.

“ఈ ఆకులేంటి?”

పెద్దసారు నా మొహం చూశాడు.

“నిప్పంటుకుంటే ఉత్త నీళ్ళు నిలువయి మేడం,” అన్నాను. “తడి ఆకు ఏస్తే జల్ది ఆరుతది.”

“ఎవరు చెప్పారు?”

“కరెంటు సారు.”

కరెంటు సారుకు అప్పుడు మొదలైన దగ్గు ఆమె వరండా దాటేదాకా ఆగలేదు.

కుట్టు గదిలో అడుగు పెట్టగానే మేడం తుమ్మింది. తంబాకు ఘాటు మరి. కళ్ళద్దాలు తుడుచుకొని ముందు వరసలో ఉన్న మా వదినను చూసింది.

“ఏమ్మా, నీ వయసెంత?”

నోరు తెరవొద్దని నేను చెప్పింది ఆమెకు ఆ నిమిషంలో గుర్తు రాలేదు. “మా అమ్మకెరుక మేడం.”

“మీ అమ్మ ఏరీ?”

“సచ్చిపోయి మస్తు దినాలైంది.”

టీచరమ్మ అడ్డం వచ్చి ఈ రోజు జాకెట్ చెయ్యి కత్తిరించడం నేర్పుతున్నానని చెప్పింది. అది చెప్పకుండా ఉంటే బాగుండేది. “అయితే కత్తిరించండి, చూస్తాను,” అంటూ మేడం కుర్చీ లాక్కుంది.

టీచరమ్మ ఒక్కొక్కరికి ఒక్కో గుడ్డ ముక్క ఇచ్చింది. మా వదిన గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసింది. చెంబులో నీళ్ళు చేతిలో పోసుకొని గుడ్డ మీద చిలకరించింది. రెండు అరచేతుల మధ్య పెట్టి మెత్తగా ఒత్తింది. తర్వాత నడుము దగ్గర దోపుకున్న రేకు ముక్క తీసింది. తునికాకును బీడీ కొలతకు కత్తిరించుకునే రేకు అది. దాన్ని గుడ్డ మీద ఆనించి చుట్టూ కత్తెర ఆడించింది. ఆమెను చూసి మిగిలినవాళ్ళూ గుడ్డలు తడిపారు, రేకులు తీశారు. చేతులకు ఏళ్ళ అలవాటు. కత్తెరల చప్పుడు తప్ప గదిలో ఇంకో చప్పుడు లేదు. చూస్తుండగానే బల్లల మీద ఆకుకు మించని గుడ్డ ముక్కలు కుప్పలు పడ్డాయి. అన్నీ ఒకే కొలత. వెనక వరసలో ఒకామె అంతటితో ఆగక ఒక ముక్కను చుట్టి, కొస మడిచి, దారం కూడా కట్టేసింది.

మేడం దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొని పైకెత్తింది. “ఇది జాకెట్‌కు ఎక్కడ వస్తుంది?”

“గుండీ, మేడం,” అంది మా వదిన.

మేడం వంగి బల్ల కిందికి చూసింది. చేటలన్నీ బయటపడ్డాయి. పెద్దసారు కిటికీలోంచి చేల వైపు చూస్తూ నిలబడ్డాడు, అక్కడేదో అవసరమైన పని ఉన్నట్టు.

మాట్లాడింది నా బిడ్డ. “మేడం, మిషన్లు తీస్కపోకుండ్రి. మా క్లాసు పిల్లలు నిజంగనే ఉన్నరు. పసుపు మార్కెట్‌కు పోయినంక అందరొస్తరు. మిషన్లు పోతే నేను గూడ గీళ్ళ పక్కన చేట పట్టుకోని కూసోవాలె.”

“కూసుంటే ఏమైతదే?” అని మా వదిన గుర్రుమంది. మళ్ళీ తనే గొంతు తగ్గించి, “వద్దు తియ్యి. నడుములు పోతయి,” అంది.

మేడం ఆ గుడ్డ బీడీని బల్ల మీద పెట్టింది. ఆమె పెదవి ఒక కొసన కదలడం నేను చూశాను. చివరికి లేచి నిలబడింది.

“సరే. రిబ్బన్లు కట్టుకున్నారు కాబట్టి మీరంతా ఈ బడి విద్యార్థులే. సాయంత్రం పూట మీకు క్లాసు పెడతారు. వానలు తగ్గాక మళ్ళీ వస్తాను. ఈ మొహాలే ఇక్కడ ఉండాలి. జాకెట్ కుట్టి చూపించాలి. చూపించకపోతే మిషన్లు లారీ ఎక్కుతాయి.”

“రిబ్బన్లు గూడ ఉండాలెనా మేడం?” అని అడిగింది మా వదిన.

అలా మేము ఆడిన నాటకం మా నెత్తికే చుట్టుకుంది. టీచరమ్మ సాయంత్రం డిచ్‌పల్లి బస్సు అందుకోవాలి కనుక చెప్పే మనిషి లేదు. నా బిడ్డే చెప్పింది. జీతం లేని టీచరు కనుక కోపం ఎక్కువ. గంట కొట్టి ఊరుకుంటే కుదరదని నన్ను కూడా కూర్చోబెట్టింది. టేపు మీది అంకెలు తెలియనిదే కత్తెర ముట్టనివ్వనంది. అంకెలు వచ్చాక, మరి అక్షరాలేం పాపం చేశాయని పలక తెచ్చి నా ముందు పెట్టింది. “అమ్మా, అ ఇట్ల గాదు, కడుపు ఇటు రావాలె,” అని నా తల మీద మొట్టేది. నేను దాన్ని చిన్నప్పుడు మొట్టినవన్నీ తిరిగి తీర్చుకుంది. మా వదిన గుడ్డ కనబడితే చాలు, ముందు తడపబోయేది. ఆ అలవాటు మాన్పించడానికి నా బిడ్డ చెంబును అలమరలో పెట్టి తాళం వేసింది. పసుపు అమ్ముడై ఆడపిల్లలు తిరిగి వచ్చాక మిషన్ల కోసం వాళ్ళకూ వీళ్ళకూ రోజూ పేచీయే.

వానలు తగ్గాక మేడం అన్న మాట ప్రకారం వచ్చింది. సంచిలోంచి తన సొంత జాకెట్ గుడ్డ తీసి మా వదిన చేతిలో పెట్టింది. “నాకే కుట్టు,” అంది. మా వదిన టేపు ఆమె చుట్టూ తిప్పి, అంకె చదవడం వచ్చిన గర్వంతో, కొలత వరండా అవతల ఉన్న పెద్దసారుకు కూడా వినబడేలా అరిచి చెప్పింది.

“మెల్లగా చెప్పమ్మా!”

“మెల్లగ జెప్తే తగ్గుతదా మేడం?”

జాకెట్ పూర్తి కాగానే మేడం దాన్ని తొడుక్కొని చూడడానికి పెద్దసారు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నా బిడ్డ గుమ్మం బయట గోడకు ఆనుకొని నిలబడింది. మా ఆయన కూడా ఆ రోజు పని మానుకొని వచ్చి గేటు దగ్గర చుట్ట కాలుస్తున్నాడు. ఎంతకూ తలుపు తెరుచుకోలేదు. లోపలి నుంచి మూలుగులాంటిది వినిపించింది. తర్వాత, “ఆయమ్మా, కాస్త లోపలికి రా,” అని పిలుపు.

వెళ్ళి చూస్తే జాకెట్ ఎడమ చెయ్యి చంక దగ్గర బిగుసుకుపోయింది. ఎక్కింది కానీ దిగడం లేదు. నేను కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. కుట్టు ఊడదు, చెయ్యి రాదు. మా వదిన కుట్టు అంత గట్టిది. ఇద్దరికీ చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని మేడం పమిట కప్పుకొని అలాగే బయటికి వచ్చింది.

“మిషన్లు ఇక్కడే ఉంటాయి,” అంది పెద్దసారుతో. “ఈమెకు మాత్రం చంక కత్తిరింపు ఇంకో ఏడాది నేర్పండి.”

“ఇంకో యాడాదా! నేను పాసైతననుకున్న,” అంది మా వదిన.

నా బిడ్డ అప్పటికే లోపలికి పోయి మిషన్ ముందు కూర్చుంది. మేడం జీపు ఎక్కింది. గేటు దాటేటప్పుడు మా అందరికీ కుడిచేత్తో టాటా చెప్పింది. ఎడమ చెయ్యి లేవలేదు.