చెల్లెలికి చదువు చెప్పిన ఆట

మొన్న వేంపల్లెలో మా బట్టలంగడి సర్దుతాంటే నాయన బట్ట కొలిచే ఇనప మీటరు కడ్డీ దొరికింది.

మీరంతా బడి ఆట ఆడినోళ్లే కదా! మా ఇంట్లో నేనే టీచరును. నాలుగేళ్ల చెల్లెలు ఒక్కతే పిల్ల. అది బలపం ఎడమచేత్తో పట్టుకునేది. మా బళ్లో టీచరు కొట్టినట్టే నేనూ ఈ కడ్డీతో దాని వేళ్ల మీద కొట్టేదాన్ని. అది ఏడుస్తాంటే అమ్మ నవ్వేది.

"కొట్టనీలే, అట్లయితేనే నేర్చుకుంటాది."

నెల తిరక్కుండానే అది కుడిచేత్తో అ ఆలు దిద్దింది. ఇంటికొచ్చినోళ్లంతా నన్నే మెచ్చుకున్నారు.

మరుసటి రోజు, "దా పాపా, బడి ఆట ఆడుకుందాం" అని పిలిచినాను.

అది చేతులు రెండూ గౌనులో దాచుకుంది.

"అన్నీ వచ్చేసినాయి కదక్కా. ఇంక నేను ఆడుకోను."

ఆట చెడగొట్టిందని ఆ పొద్దు ఇంకో రెండు దెబ్బలు ఎక్కువే వేసినాను.