తమ్ముడి చదువుకు అక్క మొక్కు

సూర్యాపేటలో ప్రభాకర్‌కు ఉర్దూ చెప్పడానికి మౌల్వీ సాబు ఇంటికొచ్చేవాడు. తలుపు చాటున కూర్చున్న అక్క ఊర్మిళకు ఆ చదువు తమ్ముడికంటే ముందే వంటబట్టింది. ఏం లాభం? ఆమెను మిర్యాలగూడలో వడ్ల వ్యాపారం చేసే వెంకటేశ్వర్లుకిచ్చి చేతులు దులుపుకున్నారు. తమ్ముణ్ణి మాత్రం పట్నం యూనివర్సిటీకి పంపారు. అక్కడ చదువంతా ఉర్దూలోనే. వాడు సియాసియాత్, ఫల్సఫా కలిపి తీసుకున్నాడు. ఒకటి రాజ్యం సంగతి, ఇంకొకటి తత్త్వం. ఆ కబురు విన్ననాడు ఊర్మిళకు అన్నం సహించలేదు. దొర మాట ఎందుకు వినాలి, న్యాయమంటే ఏమిటి అని చిన్నప్పటి నుంచి ఇల్లంతా విసిగించింది ఆమె. అడిగింది తను, చదివేది వాడు. కడుపు మండదా మరి?

వాడు సెలవులకు వచ్చాడంటే చాలు, మిర్యాలగూడ నుంచి బస్సెక్కి వచ్చి పడేది.

"ఈసారి ఏం జెప్పిన్రురా?"

"మనం ఒప్పుకుంటేనే రాజు రాజైతడని ఒకాయన రాసిండటక్కా."

"ఒప్పుకోనోని గతేంది మరి?"

వాడు బుర్ర గోక్కునేవాడు. "అడిగొస్త తియ్."

మళ్ళీ సెలవులకు జవాబు తెచ్చేవాడు. వడ్లు చెరుగుతూ, పొయ్యి ఊదుతూ ఊర్మిళ దాన్ని నెమరేసుకునేది. అయినా వాడు పెట్టె సర్దుకుని బయల్దేరుతుంటే మాత్రం ఓర్వలేకపోయేది. ఒకసారి అట్లా ఓర్వలేకే ఊరవతల గట్టు మీది లింగమంతుల స్వామికి మొక్కేసింది. వీడి చదువు ఆగిపోతే బోనమెత్తుతానని.

దేవుడు విననే విన్నాడు. పోలీసు యాక్షన్ అయ్యాక యూనివర్సిటీలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. ప్రభాకర్ పెట్టె తెచ్చి నట్టింట్లో పెట్టాడు.

"ఇగ నాతోని కాదు. ఎవుసం జేస్త."

పండగ చేసుకోవాల్సిన ఊర్మిళ కబురు విని లబోదిబోమంటూ వచ్చింది. వాడు పోకపోతే తనకు చెప్పేదెవరు? తన కన్ను తనే పొడుచుకుంది, పిచ్చి మనిషి. "ఇంగ్లీషు నేర్సుకోరాదురా" అని గడ్డం పట్టుకుని బతిమాలింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

జాతర వచ్చింది. మొక్కు ఎగ్గొడితే స్వామి ఊరుకుంటాడా? బోనమెత్తుకుని గట్టు మీదికి ఎక్కుతుంటే పక్కనే నడుస్తున్న ప్రభాకర్ అడిగాడు.

"ఏం మొక్కుకున్నవక్కా?"

ఆమె దాచలేదు. "నీ సదువు ఆగాలని మొక్కిన. కుళ్ళుకొని మొక్కిన."

వాడు తిడతాడనుకుంది. తిట్టలేదు.

"ముందే జెప్తే అప్పుడే మానేస్తుంటి గద. నాకు లెక్కలంటే పానం. నువ్వు అడుగుతవనే గా సియాసియాత్, ఫల్సఫా తీస్కున్న."

ఊర్మిళ నెత్తిన బోనంతో అక్కడే నిలబడిపోయింది. ఏడవాలో, వాణ్ణి తన్నాలో తెలియలేదు. తను వాడి మీద ఏడ్చినన్నాళ్ళూ వాడు తన కోసం ఇష్టం లేని చదువు చదివాడు. ఆఖరికి ప్రేమలోనూ వాడిదే పైచేయి అయింది. దానికి కూడా ఆమెకు ముందు పుట్టింది అసూయే.